లక్ష్మి చెట్టని అమ్మిన ఎడారి గులాబీ

సిద్దిపేటలో ఎడారి గులాబీని లక్ష్మి చెట్టని చెప్పి అమ్మిన మొదటి మొనగాణ్ణి నేనే. అది 1994 వేసవి. బస్టాండు వెనక కిరాయి జాగలో నర్సరీ పెట్టి మూడేళ్లయింది. మా బాపుది కిరాణం, చిన్నాయనది బట్టల కొట్టు, మేనమామది ఇనుప సామాను. సరుకును పొగడకుండా అమ్మడం మా ఇంటావంటా లేదు.

ఎడారి గులాబీ అసలు పేరు అడీనియం. ఉల్లిగడ్డలా ఉబ్బిన మొదలు, పైన నాలుగు కొమ్మలు, ఎర్రటి పూలు. ఆ మొదట్లోనే నీళ్లు దాచుకుంటుంది. ఇలాంటివాటిని సక్యులెంట్లు అంటారు. హైదరాబాదు నుంచి ఒక్కటే తెచ్చాను. నెలరోజులు ఎవరూ దాని వంక చూడలేదు. చివరికి స్వరూప చూసింది. ఆరేళ్లు మిషన్ కుట్టి కూడబెట్టిన పైసలతో మ్యాచింగ్ సెంటర్, అంటే చీరలకు తగ్గ జాకెట్టు గుడ్డల కొట్టు, తెరవబోతున్న పిల్ల. నేను నూటిరవై అన్నాను. ఆమె అరవై దగ్గర కదలకుండా కూర్చుంది.

"చెల్లె, గిది ఉత్త చెట్టు గాదు, లక్ష్మి చెట్టు. గల్లా పక్కన పెట్టు, యాపారం ఎట్ల నడుస్తదో సూడు" అన్నాను.

తొంభైకి తెగింది. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

వానలు పడ్డాయి. శ్రావణంలో ఒక శుక్రవారం పొద్దున స్వరూప ఉరుక్కుంటూ వచ్చింది. "అన్నా, చెట్టు మెత్తవడ్డది. లక్ష్మి కుళ్లిన జాగల యాపారమేంది, షటర్ దించుమంటుంది మా అత్తమ్మ!"

కత్తి, స్పిరిట్ సీసా, మందు పొడి సంచిలో వేసుకుని ఆమె వెంట పరుగు. గల్లా పక్కన నా మొక్క ఇత్తడి బిందెలో ఉంది, ఒంటినిండా పసుపు కుంకుమ. లక్ష్మికి మట్టి కుండీ ఏం బాగుంటుందని అత్త రాజమ్మే మార్చిందట. పూజ కాగానే రోజుకో చెంబు, శ్రావణం వచ్చాక రెండు చెంబులు. బిందెకు చిల్లేదీ? నీళ్లు కిందికి పోయే దారి, మేం డ్రైనేజ్ అనేది, లేనే లేదు. మొదలు నొక్కితే బొటనవేలు దిగబడింది. రూట్ రాట్! గాలాడక వేర్లు కుళ్లి, ఆ కుళ్లు పైకెక్కుతోంది. కొమ్మల దాకా పోకముందే కోసెయ్యాలి.

కత్తి తీశానో లేదో రాజమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "శ్రావణ శుక్రవారం లక్ష్మికి కత్తి వెడ్తవా? రేపు రా."

"రేపటికి ఏం మిగలది, పెద్దమ్మా."

"మిగలకుంటే పోతది. కోస్తే మా ఇల్లు మునుగుతది."

గుడ్డలు బేరమాడుతున్న ఆడవాళ్లిద్దరు బేరం ఆపి మమ్మల్ని చూస్తున్నారు. స్వరూప కళ్లు షటర్ మీద ఉన్నాయి. ఇక నిజం చెప్పక తప్పలేదు.

"పెద్దమ్మా, గిది లక్ష్మి చెట్టు గాదు. అమ్ముడువోవాలని నేనే పుట్టిచ్చిన మాట."

రాజమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అంటే మూడు నెలలు నేను మొక్కింది నీ అబద్ధానికా? నీ నోట్ల మన్నువడ, హారతి గూడ ఇచ్చిన గదరా!"

గుడ్డలు పట్టుకున్న ఒకామె ఫక్కున నవ్వింది. రాజమ్మ నవ్వలేదు. "ఇంక జూస్తవేంది, కొయ్యి. కని ఇను. లక్ష్మి గాకున్నా మా కొట్ల పెరిగింది. బతికిచ్చినవా, కొట్టు ఉంటది. సంపినవా, షటర్ దించుడే."

మొదటి కోత, గోధుమ రంగు, అంటే కుళ్లే. కత్తిని స్పిరిట్‌తో తుడిచి రెండోది కోశాను, మళ్లీ గోధుమే. మూడో కోతకు నడుమ ఒక్క చుక్క మిగిలింది. నాలుగోది కోసేసరికి పచ్చి బొప్పాయి లోపలిలా తెలుపు!

"తెల్లగున్నది!" అని నాకన్నా ముందు గుడ్డలామె అరిచింది.

పిడికిలంత మొదలు నిమ్మకాయంత మిగిలింది. దాని పాలు విషం, ఎవరినీ ముట్టనివ్వలేదు. బూజు మందు పొడి అద్ది, కొట్లోనే నీడలో తలకిందులుగా వేలాడదీశాను. కోసిన చోట గట్టి పొర కట్టాలి. దాన్ని కాలస్ అంటాం. ఎనిమిది రోజులకు కట్టింది. వాగు ఇసుక, ఇటుక ముక్కలు, బొగ్గు కలిపి చిల్లున్న మట్టి కుండీలో నాటాను. రోజూ చూడబోతే రాజమ్మది ఒకటే ప్రశ్న.

"గొంతెండదా దానికి?"

"చుక్క గూడ పొయ్యద్దు, పెద్దమ్మా."

"రాయివిరా నువ్వు!"

మూడు వారాలు దాటాక ఒక పొద్దున రాజమ్మే రొప్పుకుంటూ నర్సరీకి వచ్చింది. "పోరగా, ఉరుకు! కొసకు ఆకు లేసింది, శెనగ్గింజంత!" గల్లా తాళం కూడా వెయ్యకుండా ఉరికాను. మొదలు పట్టుకుని మెల్లగా లాగాను. రాలేదు. కింద వేర్లు పట్టుకున్నాయి! స్వరూప గల్లా మీద తల పెట్టి ఏడ్చింది. రాజమ్మ మాత్రం "మొకం కడుక్కో, గిరాకి వస్తుంది" అంది.

అప్పటినుంచి మొక్క అమ్మేటప్పుడు నీళ్లు ఎప్పుడు పొయ్యాలో కాదు, ఎప్పుడు పొయ్యొద్దో ముందు చెప్తాను. నా చేతికొచ్చిన చచ్చిన మొక్కల్లో ఎండినవాటికన్నా ముద్దుచేసి ముంచినవే ఎక్కువ.

ఆ రోజే రాజమ్మ లెక్క అడిగింది. "తొంభైల చెట్టుకెంత, అబద్ధానికెంత?"

"కొన్నది నలభై ఐదు. మిగిలింది అబద్ధానికే."

"అయితే నీ అబద్ధం నువ్వు తీస్కో."

నలభై ఐదు వాపసు ఇచ్చాను. పొడికి ఎనిమిది, కుండీకి ఆరు, స్పిరిట్‌కు మూడు. మొత్తం పదిహేడు రూపాయల నష్టం. స్వరూప ఇవ్వబోయింది గానీ, అది నేను కట్టాల్సిందే.