వాగు మధ్యలో ఆగిన బండి

డెబ్బైల మొదట్లో, కొత్తగూడకు కోడలిగా వచ్చిన ఏడాది. గచ్చిబౌలిలో పెళ్లికని మామ, నేను ఎడ్లబండిలో బయల్దేరాం. గుట్టల్లో పుట్టిన చిన్న వాగొకటి మా బండ్లబాటను దాటుకుని చెరువులోకి పోయేది. ఆ రోజు చీలమండ లోతు నీళ్లే ఉన్నాయి. మా నెత్తిన ఎండ కాస్తున్నా, గుట్టల వెనక మబ్బు నల్లగా కమ్ముకుంది.

వాగు నడుమ ఎడ్లు ఆగిపోయాయి. ఎంత అదిలించినా కదల్లేదు. చూస్తుండగానే నీళ్లు ఎర్రబడ్డాయి. పైనుంచి రాళ్లు దొర్లే చప్పుడు.

"దూకు బిడ్డా, ఒడ్డుమీది బండరాయి ఎక్కు!" అంటూ మామ కాడి తాళ్లు విప్పసాగాడు.

"నువ్వు గూడ రా మామా!"

"నోరులేని జీవాలను ఇడిసి ఎట్లొస్త?"

నేను బండరాయి ఎక్కి తిరిగి చూసేసరికి బండి లేదు. ఎడ్లు ఒడ్డు చేరాయి. మామ మర్నాడు చెరువులో దొరికాడు.

ఇప్పుడక్కడ రోడ్డు, మేడలు. అయినా వాన పడితే, మనవరాలు ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడతాను.