తాళం అడిగింది నేను కాదు

పోలీసు చెయ్యి నా స్కూటర్ తాళం మీద పడటం నాకు కొత్త కాదు. మందుల హోల్‌సేల్ దుకాణంలో పని నాది. పొద్దున బయలుదేరి చిక్కడపల్లి, నారాయణగూడ, రాంనగర్ మెడికల్ షాపులన్నీ తిరిగి ఆర్డర్లు తెచ్చేవాణ్ని. మధ్యాహ్నం సరుకు అందించేవాణ్ని. బతుకంతా రోడ్డు మీదే కాబట్టి తనిఖీల్లో దొరికేదీ నేనే. తొంభైల మొదట్లో నగరంలో ఏ మూల గొడవ జరిగినా మా చౌరస్తాల్లో బారికేడ్లు పడేవి. గొడవ లేని రోజుల్లోనూ పడేవి. కానిస్టేబుల్ పక్కనుంచి వచ్చి, మాట కంటే ముందు చెయ్యి చాపి, తాళం లాగి జేబులో వేసుకునేవాడు. ఆ తర్వాతే "కాగితాలు తియ్" అనేవాడు. తాళం పోయాక ఇక చేసేదేముంది? బండి వదిలి పోలేం. "సార్, జర చూడుండ్రి సార్" అంటూ ఆయన వెనక తిరగాల్సిందే. నేనూ తిరిగేవాణ్ని. అది అవమానమని కూడా అనిపించేది కాదు. ఎండ, వాన ఎట్లాగో ఇదీ అంతే అనుకునేవాణ్ని.

ఆ సాయంత్రం వెనక నా భార్య కూర్చుని ఉంది. నారాయణగూడ మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని ఇంటికి వస్తున్నాం. చౌరస్తా దగ్గర ఆపారు. ఎప్పటిలాగే తాళం పోయింది. ఎప్పటిలాగే నేను దిగి కానిస్టేబుల్ వెనక నడిచాను. నాలుగు మాటలు బతిమాలానో లేదో, సంచి చంకకు తగిలించుకుని ఆమె నా పక్కకు వచ్చింది.

"అన్నా, లైసెన్స్ అడుగుండ్రి, చూపిస్తం. బండి కాగితాలు అడుగుండ్రి, అవి కూడా చూపిస్తం. తాళం మాత్రం ఇయ్యుండ్రి," అంది.

"నువ్వెవరమ్మా చెప్పనీకె? పక్కకు నిలబడు," అన్నాడు కానిస్టేబుల్.

"తాళం గుంజుకోమని ఏ చట్టంల ఉన్నదో చెప్పుండ్రి. ఉంటే మేం ఈడనే నిలబడతం, ఎంతసేపైనా సరే."

గొంతు పెంచలేదు. కూరగాయల బేరం ఆడినప్పుడు కూడా ఆమె ఇంతకంటే గట్టిగా మాట్లాడుతుంది. ఒక ఆటో ఆగింది. జామకాయల బండి ఆవిడ తక్కెడ చేత్తో పట్టుకునే ఇటు చూస్తూ ఉండిపోయింది. కొంచెం దూరంలో కుర్చీలో కూర్చున్న పెద్ద పోలీసు విసుగ్గా చెయ్యి ఊపాడు. "ఇచ్చెయ్‌రా, పోనీ." కానిస్టేబుల్ తాళం తీసి ఇచ్చాడు. నాకు కాదు, ఆమెకు.

"అక్క మంచిగ అడిగింది," అన్నాడు ఆటో అతను నన్ను చూసి నవ్వుతూ.

దారి పొడుగునా ఆమె హుషారుగా ఉంది. భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతూనే ఉంది. నేను "ఊఁ" అంటున్నాను. లోపల ఏదో రగులుతోంది. కానిస్టేబుల్ మీద కోపం కాదది. ఇన్నేళ్లు ఆ రోడ్డు మీద తిరిగింది నేను, తాళం పోగొట్టుకున్నది నేను. నా నోటికి ఏనాడూ రాని మాట ఆమె నోటికి ఎట్లా వచ్చింది?

చిక్కడపల్లి గల్లీలో మేముండేది కిరాయి ఇల్లు. ఒకే ఆవరణలో నాలుగు కుటుంబాలు. మర్నాటికల్లా అందరికీ తెలిసిపోయింది. నల్లా దగ్గర, మెట్ల దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, ఎవరు కనబడినా అదే మాట. "మీ ఇంటామెకు మస్తు ధైర్యమన్నా." నవ్వి నవ్వి నా దవడలు నొప్పెట్టాయి. "మీకూ ధైర్యమే" అని మాటవరసకైనా ఒక్కరూ అనలేదు.

చౌరస్తాలో ఆమె అన్న ఆ చట్టం మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమె నారాయణగూడలో టైపింగ్ నేర్చుకుంది. తర్వాత అశోక్‌నగర్‌లో ఒక వకీలు దగ్గర టైపిస్టుగా చేరింది. ఆయన పౌరహక్కుల కేసులు చూసేవాడు. లాకప్పులో కొట్టారని, రాత్రికి రాత్రి ఎత్తుకుపోయారని, బండి లాక్కున్నారని వచ్చే జనం ఆ ఇంటి వరండాలో ఎప్పుడూ ఉండేవారు. ఆమె వాళ్ల గోడు టైపు కొట్టేది. ఇంటికి వచ్చాక బియ్యం ఏరుతూ అవే సంగతులు చెప్పేది. "మా సార్ ఏమన్నడంటే..." అని మొదలయ్యేది ప్రతి మాటా. పోలీసు ఆపితే ఏం చూపించాలి, ఏది చూపించకపోయినా ఫరవాలేదు, ఎవరికి ఎంత అధికారం, అన్నీ వాళ్ల సార్ చెప్పినవే. నేను అన్నం తింటూ వినేవాణ్ని. నా ఇంట్లో, నా పళ్లెం ముందు ఇంకొక మగవాడు కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఒకరోజు అశోక్‌నగర్ షాపులో సరుకు దింపి, ఆమెకు గొడుగు ఇవ్వడానికి వచ్చానన్న వంకతో ఆ ఆఫీసుకు వెళ్లాను. ఆయన ముసలాయన అయి ఉంటే బాగుండునని దారిలో అనుకున్న మాట నిజం. ముసలాయన కాదు. నాకంటే కొంచెం పెద్ద. నలిగిన చొక్కా, నెరుస్తున్న చెంపలు, తొందర లేని గొంతు. నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "రోజంతా బండి మీదనే ఉంటరట కదా, మిమ్మల్ని ఎక్కడెక్కడ ఆపుతరు? ఆపి ఏమంటరు?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, నేను చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూస్తూ విన్నాడు. నా సంగతి అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. అన్నీ చెప్పేశాను. చెప్పేశాక నా మీద నాకే మంట పుట్టింది. పక్కగదిలో టైపు మిషన్ చప్పుడు ఆగింది. ఆమె ఒక కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టి, "సార్, ఇక్కడ మీరు తేదీ మర్చిపోయిన్రు," అంది. ఆయన నవ్వాడు, ఆమె నవ్వింది. ఆయన ఆమెను "అమ్మా" అనే పిలిచాడు. అయినా ఆ నవ్వు నన్ను చాలాకాలం వదల్లేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఎండలు ముదిరిన రోజుల్లో, చిక్కడపల్లిలోనే నన్ను ఆపారు. వెనక సీటుకు కట్టిన ఐస్ డబ్బాలో ఇంజెక్షన్లు ఉన్నాయి, రాంనగర్‌లో ఒక షాపుకు అర్జంటుగా ఇవ్వాలి. చెయ్యి తాళం వైపు రాగానే ఆ చేతికి నా చెయ్యి అడ్డం పెట్టాను.

"లైసెన్స్ అడుగుండ్రి, చూపిస్త. తాళం గుంజుకోమని ఏ చట్టంల ఉన్నది?" అన్నాను.

అవే మాటలు. కానీ నాకే అది ఎవరిదో చొక్కా తొడుక్కున్నట్టు అనిపించింది.

ఎస్సై లేచి వచ్చాడు. "ఏంది, లా చదివినవా?"

"లేదు సార్."

"మరి ఎవడు చెప్పిండు నీకు?"

నేను తడబడ్డాను. "మా ఆవిడ వకీలు దగ్గర పని చేస్తది సార్."

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. "పెండ్లాం నేర్పిస్తే వచ్చిండంట," అన్నాడు ఎస్సై. ఆ నవ్వుల మధ్యలోనే కానిస్టేబుల్ చెయ్యి నా చెంప మీద పడింది. పెద్ద దెబ్బేమీ కాదు. కానీ నడిరోడ్డు, నడి ఎండ, నేను పుట్టి పెరిగిన పేట. తాళం ఎస్సై జేబులోకి పోయింది. నన్ను గోడ పక్కన కింద కూర్చోమన్నారు. కూర్చున్నాను. మా కిరాణా కొట్టు ఆయన సైకిల్ మీద పోతూ నన్ను చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు. డబ్బా అడుగునుంచి ఐస్ నీళ్లు కారి రోడ్డు మీద గీతలా సాగి ఎండిపోతున్నాయి. "మందులు ఖరాబైతయి సార్" అని ఒకసారి అన్నాను. ఎవరూ పలకలేదు.

నీడ గోడ దాటి ఇవతలకు వచ్చిన వేళ, అశోక్‌నగర్ వైపు నుంచి వాళ్లిద్దరూ నడిచి వస్తూ కనబడ్డారు. కిరాణా కొట్టు ఆయనే ఆఫీసుకు ఫోన్ చేశాడట, తర్వాత తెలిసింది. ఒకే గొడుగు. నేను వంక పెట్టుకుని ఇచ్చి వచ్చిన గొడుగే. వకీలు పట్టుకున్నాడు, ఆమె పక్కన వేగంగా నడుస్తోంది. చెంపదెబ్బ తిన్నప్పుడు నా కళ్లలో నీళ్లు రాలేదు. అప్పుడు వచ్చాయి.

ఆయన ఎస్సైతో మెల్లగా ఏదో మాట్లాడాడు. కేకలు లేవు. ఎస్సై "సార్" అన్నాడు. మధ్యాహ్నమంతా నేను ఎన్నిసార్లో అన్న మాట, ఇప్పుడు ఎస్సై నోట వకీలుకు. తాళం వచ్చింది. వకీలు నా వైపు తిరిగి, "చెయ్యి చేసుకున్నరా మీ మీద?" అని అడిగాడు.

"ఒకటి కొట్టిన్రు," అన్నాను.

"కంప్లైంట్ ఇద్దాం. నేను చూసుకుంట."

"నాకు ఏ కేసూ వద్దు సార్," అన్నాను. స్కూటర్ ఎక్కి, ఆమె ఎక్కుతుందో లేదో కూడా చూడకుండా స్టార్ట్ చేశాను. ఆమె పరుగెత్తుకొచ్చి వెనక కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికి చేరాం. ఆమె తడిగుడ్డ తెచ్చి నా చెంపకు పెట్టబోతే చెయ్యి తోసేశాను.

"కంప్లైంట్ ఎందుకు వద్దన్నరు? భయమా?" అంది.

"భయం కాదు. ఆయన చేతుల నేనొక కేసును కాదల్చుకోలే. నీకు ఆ మనిషంటే ఏంది, అది చెప్పు ముందుగాల."

ఆమె ఏడుస్తుందనో, అరుస్తుందనో అనుకున్నాను. గుడ్డను బకెట్లో పిండి, తీగ మీద ఆరేసి, వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"నిజం చెప్పాల్నా? కుళ్లు," అంది.

నాకు అర్థం కాలేదు.

"నాకు ఆయనంటే కుళ్లు. ఇయ్యాల చూసిన్రు కదా. ఆయన నోరిప్పంగనే ఎస్సై సార్ అన్నడు. ఆ దినం నేను అడిగితే తాళం ఎందుకిచ్చిన్రు? ఆడిది, జనం జమ అయితున్నరు, పోనీ అని ఇచ్చిన్రు. మాటకు కాదు ఇచ్చింది. దినమంతా ఆ మాటలన్నీ నేనే టైపు కొడత. తప్పులు నేనే దిద్దుత. కింద సంతకం ఆయనది. కోర్టుల నిలబడేది ఆయన. ఆయనతోని ఉండాలని కాదు నాకు. ఆయన లెక్క నిలబడాలని ఉన్నది."

ఆమె అట్లా మాట్లాడటం అదే మొదటిసారి. నేను ఆమెను చూసి కుళ్లుకుంటుంటే, ఆమె ఆయన్ను చూసి కుళ్లుకుంటోందని నాకు తట్టనే లేదు. "అన్నం పెట్టు," అన్నాను. ఇద్దరం తిన్నాం. తింటూనే కంప్లైంట్ గురించి మాట్లాడుకున్నాం. వకీలు పేరు మీద కాదు, నా పేరు మీద, నా మాటల్లో. మర్నాడు ఆమె టైపింగ్ నేర్చుకున్న చోటికి వెళ్లి, ఏం జరిగిందో నేను చెబితే ఆమె టైపు కొట్టింది. "చెంప మీద కొట్టారు" అన్నచోట ఆమె వేళ్లు కాసేపు ఆగాయి.

కంప్లైంట్ ఇచ్చిన కొన్నాళ్లకు విచారణకు ఒక పెద్ద పోలీసు అధికారి గదికి పిలిచారు. వకీలు వస్తానన్నాడు, వద్దన్నాను. ఆయనకు కోపం రాలేదు. రాకపోవడం కూడా నాకు నచ్చలేదు. నేనూ ఆమే వెళ్లాం. ఆ ఎస్సై, కానిస్టేబుల్ గోడ పక్కన నిలబడి ఉన్నారు. నేను లైసెన్స్ చూపించలేదని, పోలీసు మీద చెయ్యి ఎత్తానని చెప్పారు. అధికారి నన్ను అడిగాడు. ఆమె వైపు చూశాను. ఆమె కిటికీ వైపు చూస్తోంది, నా తరఫున మాట్లాడకూడదని గట్టిగా అనుకున్నట్టు పెదవులు బిగబట్టి. అప్పుడు చెప్పాను. ఎక్కడ ఆపారో, ఏమన్నారో, ఎవరు నవ్వారో, మందులు ఎట్లా పాడయ్యాయో అంతా. లైసెన్స్ జేబులోనే ఉందని, ఎవరూ అడగలేదని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

కానిస్టేబుల్‌ను వేరే చోటికి మార్చారు. ఎస్సైకి మందలింపు అన్నారు, అంతకంటే ఏమీ కాలేదు. కొన్ని నెలలపాటు మా పేట చౌరస్తాల్లో ఎవరూ తాళాల జోలికి రాలేదు. "లైసెన్స్ చూపించు" అని నోటితో అడిగేవారు. ఆ తర్వాత కొత్తవాళ్లు వచ్చారు, మళ్లీ మొదలైంది. నేను మాత్రం మళ్లీ బతిమాలలేదు. అడిగినప్పుడు కొన్నిసార్లు తాళం వచ్చేది, కొన్నిసార్లు సాయంత్రం దాకా కూర్చోవలసి వచ్చేది. చెయ్యి మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పాడైన ఇంజెక్షన్ల గురించి మా దుకాణం సేటు చాలాకాలం దెప్పుతూనే ఉన్నాడు.

మరుసటి సంవత్సరం ఆమె సాయంత్రపు లా కాలేజీలో చేరింది. ఫారం నింపించింది ఆ వకీలే, పుస్తకాలిచ్చింది కూడా ఆయనే. నాకు మళ్లీ చురుక్కుమంది, కానీ కాలేజీ గేటు దాకా తీసుకెళ్లి దింపింది నేను. ఇంటర్‌తో చదువు ఆపేసినవాణ్ని, ఆ గేటు లోపల ఏముంటుందో నాకు తెలియదు. ఆమె పుస్తకాలు గుండెకు హత్తుకుని మెట్లెక్కి పోతుంటే, తనతో చదివే వాళ్లు ఆమెను ఏదో అడుగుతూ నడుస్తుంటే, నేను బండి మీదే కూర్చుని చూసేవాణ్ని. క్లాసు అయ్యేదాకా ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఆమె బయటికి రాగానే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

"ఇయ్యాల ఏం చెప్పిన్రు?"

"ఇంటికి పొయినంక చెప్త, ఆకలైతున్నది."

"దారిల చెప్పు."

ఆమె చెప్పేది. బండి చప్పుడులో సగం వినబడేది కాదు. వినబడని సగాన్ని ఇంటికి పోయాక మళ్లీ అడిగేవాణ్ని.