గాలికి పోయిన సగం

రెండే సీట్లున్న కారుని టెస్ట్ డ్రైవ్ చెయ్యడంలో ఒక చిక్కుంది. ఒక సీట్లో కొనేవాడు కూర్చుంటాడు. రెండో సీట్లో షోరూమ్ తాలూకు మనిషి కూర్చుంటాడు. ఎవరికోసం కొంటున్నామో ఆ మనిషి మాత్రం లోపల సోఫాలో కూర్చుని కాఫీ తాగుతూ ఉండాలి. మా ఆవిడ రెండు కప్పులు తాగింది. కాఫీ బాగుందంది. ఆ కారు విషయంలో ఆవిడ ఇచ్చిన మొదటి అభిప్రాయం అదే.

నేను హైవే ఎక్కి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లొచ్చాను. పక్కన సేల్స్ మేనేజరు సీటు బెల్టుని రెండు చేతులా పట్టుకుని కారు సుగుణాలు చెబుతూనే ఉన్నాడు. కళ్లు మూసి తెరిచేలోగా వంద దాటుతుందన్నాడు. దాటింది కూడా. దాటగానే ముందు గడ్డి ట్రాక్టరు ఒకటి కనపడింది. లోడు రోడ్డుకి రెండువైపులా జారి, నడిచే గడ్డివాములా ఉంది. దాని వెనక మేమిద్దరం ఐదు గేర్లు దించుకుని చాలాసేపు మర్యాదగా వెళ్లాం.

"ఎలా ఉంది సార్?" అన్నాడు మేనేజరు.

"బానే ఉంది."

మా జిల్లాలో అది చాలా పెద్ద మాట. ఆయనకి అర్థమైంది. "ఇంకేమన్నా టెస్ట్ చేస్తారా సార్?" అన్నాడు.

చెయ్యాల్సిన టెస్టు ఒకటుంది. దానికి ఆయన దిగాలి, మా ఆవిడ ఎక్కాలి. అడిగాను. డెమో కారులో కంపెనీ మనిషి లేకుండా కుదరదట, రూలట. "మేడమ్‌కి కచ్చితంగా నచ్చుతుంది సార్, నాది గ్యారంటీ" అన్నాడు. ఏ విషయంలో గ్యారంటీ ఇస్తున్నాడో పాపం ఆయనకి తెలీదు. అలా, అసలు పరీక్ష ఒక్కటి మినహాయించి మిగతావన్నీ పాసైన కారుని కొన్నాను. ఎలా కొన్నానన్నది ఇన్‌కంటాక్సు వాళ్లకి చెప్పాను. చాలు.

ఆ పరీక్షేమిటో చెప్పాలంటే స్కూటరు దగ్గర మొదలుపెట్టాలి.

మాది చీరల హోల్‌సేల్ వ్యాపారం. మా నాన్న మగ్గం గుంటలోంచి లేచొచ్చి కొట్లో పరుపు మీద కూర్చున్న మనిషి. నేను బీకాం చదివి అదే కొట్లో కుర్చీ వేయించుకున్నాను. చదువువల్ల మా వంశానికి ఒనగూరిన ప్రయోజనం ఆ కుర్చీ. పెళ్లయిన కొత్తలో గుణదలలో ఒక ఇంట్లో అందరం కలిసి ఉండేవాళ్లం. మా ఆవిడ పుట్టిల్లు ఉయ్యూరు. కొట్టుకి సెలవైన ఆదివారాల్లో స్కూటరు మీద వెళ్లొచ్చేవాళ్లం.

వెనక పక్కకి తిరిగి కూర్చుని, నా భుజం మీద ఒక చెయ్యి వేసి, పటమట దాటేదాకా ఏమీ మాట్లాడేది కాదు. కానూరు దాటి బందరు కాలువ పక్కకి రాగానే, "ఏమండీ, వింటున్నారా" అనేది. నేను "ఊఁ" అనేవాణ్ణి. ఇక ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ వాసన ముక్కుకి తగిలేదాకా ఆపేది కాదు. ఎదురుగాలి ఒకపక్క, కింద ఇంజను ఒకపక్క. మధ్యలో చెవి వెనక ఆవిడ గొంతు. చెప్పినదాంట్లో సగం నాకందేది, సగం గాలికి పోయి కాలువలో పడేది. "...అని ఆవిడంటే నేనూరుకుంటానా..." అని ఒక ముక్క. కంకిపాడు దగ్గర "...గొడుగు తీసుకుని ఎదురొచ్చి..." అని ఇంకో ముక్క. తర్వాత నవ్వు. నవ్వినప్పుడు భుజం మీద తట్టేది. ఎందుకు నవ్విందో తెలియకపోయినా నేనూ నవ్వేవాణ్ణి. ఊఁ కొట్టేశాక మళ్లీ చెప్పమంటే బాగుండదు కదా.

తర్వాత కారొచ్చింది. కారుతోపాటు దూరం వచ్చింది, అదీ రెండడుగులే. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి ముందు సీటు ఆవిడది. మా ఆవిడ పిల్లలతో, పాలసీసాలతో, ఆ తర్వాత పుస్తకాల సంచులతో వెనక సీట్లో ఉండేది. అద్దంలో కనపడేది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు. అమ్మ పోయింది. ముందు సీటు ఖాళీ అయింది. అయినా మా ఆవిడ వచ్చి అలవాటుగా వెనక తలుపే తీసేది. ముందు కూర్చోమంటే, "ఎక్కడైతే ఏముందండీ, వెళ్లేది అక్కడికేగా" అనేది. కాదనడానికి పాయింటు దొరికేది కాదు.

మా మధ్య గొడవలేమీ లేవు. గ్యాస్ బుక్ చేశారా, బీపీ మాత్ర వేసుకున్నారా, కొట్టు నుంచి వచ్చేటప్పుడు కరివేపాకు తెస్తారా. అన్నీ మంచి ప్రశ్నలే, అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. గొడవలుంటే కాసేపైనా మాట్లాడుకునేవాళ్లమేమో. ఎప్పుడైనా కొట్లో బేరం లేని మధ్యాహ్నం, ఆ గొడుగు తీసుకుని ఎదురొచ్చినదెవరా అని ఆలోచిస్తూ కూర్చునేవాణ్ణి. గుమాస్తా వచ్చి రెండుసార్లు పిలిస్తేగానీ వినపడేది కాదు.

అందుకని వెనక తలుపు లేని బండి కావాలనిపించింది. వెతికితే రెండు రకాలు దొరికాయి. ఒకటి సరుకులేసుకునే ట్రాలీ ఆటో. రెండోది ఇది.

పూజ చేయించాం. పంతులుగారు ముందు భాగానికి పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, "ఇంజను చల్లగా ఉండాలి" అని దీవించారు. ఇంజను వెనక ఉందండీ, ముందున్నది సామాన్ల డబ్బా అని చెప్పాను. ఆయన నన్నూ కారునీ మార్చి మార్చి చూసి, వెనక్కెళ్లి ఇంకో కొబ్బరికాయ కొట్టారు. హారతి పళ్లెం దగ్గరికి రాగానే కారు కీచుమని అరిచి, ముందు ఏదో అడ్డముందని తెర మీద ఎర్రగీత చూపించింది. పంతులుగారు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

దానితో బతకడం అలవాటు కావడానికి కొన్ని నెలలు పట్టింది. అది నేలకి దగ్గరగా ఉంటుంది. బెంజిసర్కిల్లో సిగ్నలు దగ్గర ఆగితే సిటీబస్సు టైరు నా చెవితో సమానంగా ఉంటుంది, కిటికీల్లోంచి జనం మన ఒళ్లో ఏముందో చూస్తారు. స్పీడ్‌బ్రేకరు వస్తే ఒక మీట నొక్కాలి, ముక్కు పైకెత్తి దాటుతుంది. ఉయ్యూరు రోడ్డులో వెళుతుంటే, దించడం మానేసి ముక్కు అలాగే ఎత్తి ఉంచితే నయమనిపిస్తుంది. కాసేపు నడపగానే నేను అలసిపోయానని దానంతటదే నిర్ణయించి కాఫీకప్పు బొమ్మ చూపిస్తుంది. ఒకసారి మా బావమరిది ఇచ్చిన బెల్లం దిమ్మలు పక్క సీట్లో పెడితే, పాసింజరు బెల్టు పెట్టుకోలేదని గోల పెట్టింది. బెల్లానికి బెల్టు పెట్టి తీసుకొచ్చాను. గొంతుతో ఆజ్ఞలిస్తే వినే సదుపాయం కూడా ఉంది. పెనమలూరు అంటే ఏదో దేశం దారి చూపించబోయింది. మా ఆవిడ పక్కనుంచి చూసి, "మీలాగే ఉంది. ఊఁ అంటుంది, పని మాత్రం చెయ్యదు" అంది.

ఆవిడ మొదటిసారి ఎక్కినరోజు సంగతి చెప్పలేదు కదూ. తలుపు తీసి, వంగి, లోపలికి చూసి, "ఇందులో కూర్చోవాలా, పడుకోవాలా?" అంది. ఎలాగో కూర్చుంది. సంచి ఒళ్లో పెట్టుకుంది. పెట్టడానికి వెనక సీటు లేదుగా. పటమట దాటాం. కానూరు దాటాం. కాలువ కనపడగానే వేగం తగ్గించాను. లోపల ఎంత నిశ్శబ్దమంటే ఆవిడ గాజులు కదిలితే వినపడుతోంది.

"ఏమండీ" అంది.

"ఊఁ" అన్నాను. ఆ ఊఁ నాకే కాస్త గట్టిగా వినపడింది.

"ఏసీ తగ్గించండి. నడుం పట్టేస్తోంది."

సీట్లోంచి కూడా చల్లగాలి వస్తుందని షోరూమ్‌లో చెప్పారు. తగ్గించాను. ఉయ్యూరు వచ్చేసింది.

మా బావమరిది అరుగు మీంచి దిగి కారు చుట్టూ తిరిగాడు. "బావా, ఇంత పోస్తే సగం కారే ఇచ్చారేంటి? మిగతాది తర్వాత పంపిస్తారా?" అన్నాడు.

"అంత అవసరం లేదన్నాను."

"అక్కని ఎక్కించుకున్నావు సరే, దింపాలంటే ఎవర్ని పిలవాలి?"

"నిన్నే పిలుద్దామనుకుంటున్నా. చెయ్యందుకో."

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని పైకి లేచి, చీర సర్దుకుని, "నీకేం తెలుసురా, కాఫీ బాగా ఇస్తారు వాళ్లు" అంది. అందరూ నవ్వారు. నన్ను వెనకేసుకొచ్చినందుకు సంతోషించాలో ఏంచెయ్యాలో తెలియలేదు.

అలా ఎన్నో ఆదివారాలు వెళ్లాం. ఆవిడ ఎప్పుడూ రానని అనలేదు. బెల్టు పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఎవరో లిఫ్టు ఇస్తే ఎక్కినంత పద్ధతిగా కూర్చునేది. ఎప్పుడో ఒకసారి "రోడ్డు బానే వేశారు" అనేది. మా ఇద్దరి మధ్య ఒక గేరు, రెండు కప్పులు పెట్టుకునే గుంటలు. ఇంత దగ్గరగా కూర్చుని పాతికేళ్లు దాటింది. తల కొద్దిగా తిప్పితే చాలు, ఆవిడ చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు కనపడేవి. నేను మీటర్లు చూసేవాణ్ణి. ఆ కారులో మీటర్లు చాలా ఉన్నాయి.

మొన్న చలికాలంలో, చెరుకు నరికే రోజుల్లో, పొద్దున్నే బయల్దేరాం. పోరంకి దగ్గరనుకుంటాను, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"స్కూటరు మీద వెళ్లేటప్పుడు అంతసేపు ఏం చెప్పేదానివి?"

"మీరు విన్నారుగా."

"విన్నాను. సగం."

"మిగతా సగం?"

"గాలికి పోయింది."

కోపం వస్తుందేమోననుకున్నాను. రాలేదు. "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"సగమే వినపడుతుందని. పెళ్లికి ముందు మా నాన్న స్కూటరెక్కి తిరిగినదాన్నేగా. ముందు కూర్చున్నవాళ్లకి ఏం వినపడుతుందో, ఏం వినపడదో నాకు తెలీదా?"

"తెలిసీ ఎందుకు చెప్పావు మరి?"

"వినపడదనే చెప్పాను." సంచి తాళ్లు సరిచేసుకుంది. "కొత్త కోడల్ని. మీ ఇంట్లో నేను నోరు తెరిస్తే నలుగురు వినేవాళ్లు. విని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు. స్కూటరు మీదైతే ఎదురుగా మీ వీపొక్కటే. మీ వీపు ఎప్పుడూ ఏమీ అనుకోలేదు పాపం."

నా శరీరంలో ఏ భాగానికైనా ఆవిడ దగ్గర దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

"నా గురించి కూడా చెప్పావా?"

"మీ గురించే ఎక్కువ."

"మంచిదా, చెడ్డదా?"

"అన్నిటికీ ఊఁ కొట్టారుగా. ఇప్పుడెందుకు?"

పెనమలూరు వచ్చింది. స్పీడ్‌బ్రేకరు. ముక్కు ఎత్తాను, దించాను.

"ఇప్పుడు చెప్పు, వింటాను" అన్నాను.

"ఇందులోనా? చీమ నడిచినా వినపడుతోంది. ఏం చెప్పను?"

ఇంత ఖర్చుపెట్టి నేను కొన్నది నిశ్శబ్దమని అప్పుడర్థమైంది. పైగా దానికి వారంటీ కూడా ఉంది.

ఈ కారు పైకప్పు మడుచుకుంటుంది. బెజవాడ ఎండకి, దుమ్ముకి దాన్ని తీసినవాడు మళ్లీ తియ్యడు. నేనూ ఒక్కసారి తీసి ఊరుకున్నాను. ఆ పొద్దున చల్లగా ఉంది, కాలువ మీద మంచు ఇంకా విడలేదు. ఏమీ చెప్పకుండా మీట నొక్కాను. కప్పు వెనక్కి మడుచుకుపోయింది. అయినా గాలి లోపలికి రాలేదు. కప్పు తీసినా హాయిగా మాట్లాడుకోడానికి వీలుగా సీట్ల వెనక ఒక గాజుపలక పెట్టారు, గాలి ముందుకి సుడి తిరగకుండా అది ఆపుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. దాన్ని కూడా దించేశాను. పక్క అద్దాలూ దించేశాను. వేగం కొంచెం పెంచాను.

గాలి ఒక్కసారిగా మీదపడింది. వెనకనుంచి ఇంజను రొద. ఆవిడ కొంగు తలచుట్టూ తిప్పి గడ్డం కింద బిగించుకుంది. "జలుబు చేస్తుంది" అన్నట్టుంది. నేను ఊఁ అన్నాను. తలతిప్పి చూడబోతే, "రోడ్డు చూసి నడపండి" అంది. అది స్పష్టంగానే వినపడింది.

రోడ్డు చూసి నడిపాను.

కంకిపాడు దాటేదాకా ఏమీ లేదు. ఆవిడ అటు కాలువ వైపు తిరిగి ఉందని కంటికొసల్లోంచి తెలుస్తోంది. తర్వాత ఎప్పుడు మొదలుపెట్టిందో చెప్పలేను. గాలిలో గాలిలాగే మొదలైంది. "...మీ అమ్మగారు ఆ రోజు..." అని వినపడింది. అక్కణ్ణించి చాలా పోయింది. "...నేనేమో వంటింట్లో, ఎవరితో చెప్పుకోను..." అని ఒకటి. నేను రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచాను. వేగం పెంచితే మొత్తం పోతుంది, తగ్గిస్తే ఆపేస్తుంది. వంద దాటడం కన్నా దాన్ని అరవై దగ్గర నిలబెట్టడమే కష్టమని సేల్స్ మేనేజరు చెప్పలేదు.

ఎదురుగా ఫ్యాక్టరీలో లోడు దింపేసిన చెరుకు ట్రాక్టరు వచ్చింది, పాటలు గట్టిగా పెట్టుకుని. అది దాటేంతసేపూ ఆవిడ చెబుతూనే ఉంది. పొడుగాటి వాక్యమే అయ్యుండాలి. అది మొత్తం ట్రాక్టరుతోపాటే బెజవాడ వైపు వెళ్లిపోయింది. ట్రాక్టరు వెళ్లాక ఆవిడ ఆగింది. చెప్పడం అయిపోయి ఆగలేదు, నాకోసం ఆగింది. ఏమన్నావని అడగాలని నోటిదాకా వచ్చింది.

"ఊఁ" అన్నాను.

ఆవిడ మళ్లీ అందుకుంది.