అమ్మ పాస్‌పోర్టుకు మిగిలిన ఏడు నెలలు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, మేము పోగొట్టుకున్నవన్నీ ముందే చెప్పేస్తాను. బొంబాయి నుంచి మస్కట్‌కు రెండు విమానం టిక్కెట్లు. నాన్నకు కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరు. ఆ క్వార్టరు కిటికీకి అమ్మ కుట్టిన పరదాలు, నాన్న ఉత్తరంలో రాసి పంపిన కొలతకు సరిగ్గా కుట్టినవి. టీసీ తీసేసుకున్నాం కాబట్టి బడిలో నా చోటు. వీటన్నిటితో పాటు మా పెదనాన్న. ఆయన చనిపోలేదు, ఆ తర్వాత చాలాకాలం బతికాడు. అయినా పోయినవాటిలోనే ఆయన్ని కలపాలి.

ఒరిస్సాలోని బరంపురంలో మాది అప్పడాల వ్యాపారం. ముందువైపు దుకాణం, వెనక పెరట్లో పని. దుకాణం పెదనాన్న చూసేవాడు, పెరడు అమ్మ చూసేది. మినప్పిండి ఎంత గట్టిగా కలపాలో, ఎంతసేపు దంచాలో అమ్మ చేతికే తెలుసు. పొద్దున్నే మొదటి అప్పడం బొగ్గుల మీద కాల్చి, నా చేతికిచ్చి పెదనాన్న దగ్గరికి పంపేది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విరిచి, చప్పుడు విని తలాడించి, సగం నాకిచ్చేవాడు. ఆ తర్వాతే దుకాణంలో బేరం మొదలయ్యేది.

మా ఇంట్లో ఇంకో అలవాటు ఉండేది. తమ్ముడి భార్య బావగారితో ఎదురుగా మాట్లాడకూడదు. అమ్మ తలుపు వెనక నిలబడి నాతో చెప్పేది, నేను ఆయనతో చెప్పేవాణ్ణి. గడపకు అటూ ఇటూ ఉండి ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉండేవి. అయినా మాట నా మీదుగానే పోవాలి, నా మీదుగానే రావాలి.

నాన్న మస్కట్‌లో కరెంటు పని చేసేవాడు. ఆ ఏడు మార్చి నెలలో మా ఇద్దరికీ వీసా కాగితాలు పంపాడు. మూడు నెలల్లోపు అక్కడ దిగాలని వాటిలో ఉంది. అప్పట్లో పిల్లలకు వేరే పాస్‌పోర్టు అక్కర్లేదు, అమ్మ పాస్‌పోర్టులోనే నా పేరూ ఉండేది. పెళ్లయిన కొత్తలో తీసిన ఆ పాస్‌పోర్టు అక్టోబరు నడుమకు అయిపోతుంది. అమ్మకు అదే దిగులు. ముందే వెళ్లిపోతే మంచిదేమోనని నా చేత పెదనాన్నను అడిగించింది.

అడ్డం ఏమిటంటే ఠాకురాణీ జాత్ర. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు వచ్చి నెల రోజులుంటుంది. వేరేవాళ్ల సంగతి నాకు తెలియదు గాని, అమ్మవారు తిరిగి గుడికి చేరేదాకా మా ఇంట్లో ఎవరూ దూర ప్రయాణం కట్టేవారు కాదు. ఆ ఏడు జాత్ర మార్చి ఆఖరున మొదలై ఏప్రిల్ ఆఖరున ముగుస్తుంది. జాత్రకు ముందే బయల్దేరడానికి ఇంకా పది రోజుల వ్యవధి ఉంది.

పెదనాన్న నన్ను దుకాణం బల్ల మీద కూర్చోబెట్టుకుని పాస్‌పోర్టు తెరిచాడు. వేలి కణుపుల మీద లెక్కపెట్టడం నాకు నేర్పింది ఆయనే.

“ఒరే లెక్కల బాబూ, మీ అమ్మకి బెంగట. ఈ బుక్కుకి ఇంకెన్నాళ్లు ఆయుస్సుందో సెప్పు సూద్దాం.”

నేను చూపుడు వేలితో మొదలుపెట్టి కణుపులు లెక్కపెట్టాను. “ఏడు నెలలు, పెదనాన్నా.”

“అద్గదీ. జాత్రకో నెల పోయినా ఆరుంటాది. ఎల్లు, మీ అమ్మకి నువ్వే సెప్పు. నా మాట నమ్మదు గానీ నీ లెక్క నమ్ముతాది.”

ఆ రోజు నాకు అప్పడం సగం కాదు, మొత్తం ఇచ్చాడు. నేను తింటూనే లోపలికి పరుగెత్తి చెప్పాను. అమ్మ నా తల నిమిరి, “ఏడుందా? అయితే జాత్ర సూసే ఎల్దాం,” అంది. పక్కన పెట్టిన పరదాల గుడ్డ మళ్లీ అందుకుంది. ఆ నెలంతా నేను వీధుల్లో పులివేషాల వెంట తిరిగాను.

మే నెల మొదట్లో బొంబాయి చేరాం. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర మనిషి పాస్‌పోర్టు తిప్పి చూసి పక్కన పెట్టేశాడు. దిగే రోజుకు పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలట. మాకు పద్దెనిమిది రోజులు తక్కువైంది. అమ్మ వీసా కాగితం చూపించింది. దాని గడువు బాగానే ఉందనీ, చాలనిది పాస్‌పోర్టు గడువనీ అతను చెప్పాడు. తిరుగు రైల్లో అమ్మ పరదాల మూట ఒళ్లో పెట్టుకునే దారంతా కూర్చుంది. నేనైతే కణుపులు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాను. ప్రతిసారీ నా లెక్క సరిగ్గానే వచ్చింది. అదే నాకు అర్థం కాలేదు.

బరంపురంలో దిగి, ఇంటికి పోకుండా అమ్మ నేరుగా పెదనాన్న మా టిక్కెట్లు తీసిన దుకాణానికి వెళ్లింది. అక్కడి ఒడియా పెద్దమనిషి మమ్మల్ని చూసి లేచి నిలబడి, వాళ్ల భాషలోని మర్యాద పిలుపుతో మొదలుపెట్టాడు.

“ఆజ్ఞా, మీరు అప్పుడే ఎల్లాలి కదా? ఆరు నెలల రూలు ఉందని, జాత్ర ముందే పంపీమని మీ బావగారికి రెండు పాలి సెప్పినాను. సూసుకుంటానన్నారు.”

ఇంటికి వచ్చేసరికి పెదనాన్న గల్లా దగ్గరే ఉన్నాడు. అమ్మ పెరటి దారిన పోలేదు. దుకాణం మెట్లెక్కి, మూట దించి, ఆయన ఎదురుగా నిలబడింది. ఆయన ఆవిడను చూడకుండా నా వైపు తిరిగాడు.

“ఒరే, మీ అమ్మకి సెప్పు. జాత్ర యేళ పయనం ఎవలు కడతారు? ఆ సెయ్యి ఎల్లిపోతే ఈ పెరడు ఏటయిపోద్దో ఆవిడికి మాత్రం తెల్దేటి?”

“ఆడితో కాదు బావగారూ, నాతో సెప్పండి,” అంది అమ్మ. ఆయనతో అమ్మ నేరుగా మాట్లాడగా వినడం నాకదే మొదలు. “నన్ను ఆపాలనుంటే ఎల్లొద్దని అనీవలసింది. ఎల్లకపోదునేమో. ఆ ఏడు నెలల మాట నా కొడుకు నోటంట ఎందుకు పలికించినారు?”

ఆయన గల్లా మూత తెరిచి మళ్లీ మూశాడు.

కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చేలోపే వీసా గడువు దాటిపోయింది. క్వార్టరు వేరే కుటుంబానికి ఇచ్చేశారు. క్వార్టరుకు మళ్లీ నాన్న వంతు రాలేదు. అమ్మకు వేరే దిక్కు లేదు, మర్నాటి నుంచే పిండి కలిపింది. కానీ మొదటి అప్పడం నా చేత దుకాణంలోకి పంపడం మానేసింది. పెదనాన్న కొన్నాళ్లు పొద్దున్నే లోపలి గుమ్మం వైపు చూసేవాడు. తర్వాత చూడడం మానేసి బేరం మొదలుపెట్టుకునేవాడు.

ఆయన నేర్పిన కణుపుల లెక్క మీదే నేను మిగతా లెక్కలన్నీ సొంతంగా నేర్చుకున్నాను. ఆ రోజు నుంచి, లెక్క చెయ్యమని ఎవరైనా అంకెలు చేతికిస్తే, ఇవ్వకుండా దాచింది ఏమిటో ముందు అడుగుతాను. ఇప్పుడు నేనుండే బరంపురం పక్క హల్దియాపదర్‌లో మా వీధివాళ్లు దుబాయికో కెనడాకో కుటుంబంతో కదిలేటప్పుడు పాస్‌పోర్టులు నాకు చూపిస్తారు. చివరి తేదీ నుంచి ఆరు నెలలు వెనక్కి కోసేసి, మిగిలినదే వాళ్లకు చెబుతాను. పిల్లలున్నా వాళ్లతో కబురు పంపను, పెద్దవాళ్లను పిలిచి ఎదురుగా చెబుతాను.

ఆ మే తర్వాత నాన్న ఇంకో పదేళ్లు అక్కడే ఒంటరిగా పనిచేశాడు. పదేళ్లంటే నూట ఇరవై నెలలు. రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద నాలుగుసార్లు వచ్చాడు, అవి ఎనిమిది తీసెయ్యాలి. మా అమ్మకు ఈ రోజుకీ రావలసినవి నూట పన్నెండు నెలలు.