వెండి అడిగితే బంగారం ఇచ్చినవాణ్ని

కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య బేరగాళ్లకు కొదవ లేదు. కానీ వెండిని పారేసి, బంగారం ఏరుకుని మరీ నష్టపోయిన ఘనుణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ ఘనత ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు. ఆ రోజుల్లో నాకు వచ్చిన విద్యలు రెండే: ఎదుటివాడు చెప్పిన ధరను సగం చేయడం, ఆ సగం మీద కొసరు అడగడం. (చదివిన జీవశాస్త్రం మూడోది. దాని మీద నాకే అంత నమ్మకం ఉండేది కాదు.)

ఎల్లారెడ్డిలో మా బాపుది బట్టల దుకాణం. అందులో పెరిగిన నాకు హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో కొలువు దొరికింది. అక్కడి పెద్దావిడను చాటుగా ‘వజ్రం మేడం’ అనేవాళ్లం, నమూనాలు కోసే వజ్రపు కత్తిని ఎవరినీ తాకనిచ్చేది కాదు కనుక. లింఫు గ్రంథుల క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ ఎక్కడ పనిలో ఉందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూడడం ఆమె పరిశోధన. నాకు అర్థమయ్యేలా నేనే చెప్పుకున్నాను: డీఎన్ఏ కూడా బట్టల తానే. పనిలేనిది చుట్టచుట్టి అరలో ఉంటుంది. పనిలో ఉన్నది గిరాకీ ముందు విప్పి పరిచి ఉంటుంది. ఏ తాను విప్పి ఉందో చూడాలి, అంతే.

నమూనా తేవడానికి నన్ను కామారెడ్డి ఆసుపత్రికి పంపింది. తాడ్వాయి నుంచి వచ్చిన ఒక అవ్వకు మెడ దగ్గర గడ్డ తీస్తున్నారు. పరీక్షకు పోను మిగిలిన దాంట్లో చిన్న ముక్క మాకు ఇవ్వడానికి ఆమె ఒప్పుకోవాలి.

“ఎంత గావాలె బిడ్డా?”

“ఆవగింజంత, అవ్వా.”

“గట్లనే అంటరు. మల్లొచ్చి ఇంకింత ఇయ్యిమంటే?”

“అడగనవ్వా. గిదే ఆఖరు.”

“ఆగం జెయ్యకు మరి. నా పెయ్యిల ముక్క.”

“పిసరంత గూడ పారెయ్య. మా బాపు మీద ఒట్టు.” (బేరం కుదరాలంటే ఒట్లకు నేను ఎన్నడూ వెనకాడలేదు.)

ముక్కను మందులో ఊరబెట్టి, గట్టిపడే జిగురులో పెట్టి దిమ్మ చేశాం. మందు సరిగ్గా పట్టేది పైపొరకే, పనికొచ్చే కణాలూ అక్కడే. ఆ పొర అయిపోతే నమూనా అయిపోయినట్టే. కోసిన రేకులు కత్తి వెనక చిన్న నీటి తొట్టిలో తేలతాయి. వెలుతురు పడితే పలచనివి వెండిలా, కాస్త మందమైనవి బంగారంలా మెరుస్తాయి. మేడం తొలిసారి కత్తి నా చేతికిచ్చి, “వెండివే తీయి” అని మీటింగుకు వెళ్లిపోయింది.

నాలుగు వెండి రేకులు తేలాయి. ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి పాపం. అంత పలచని బట్ట చూపిస్తే మా దుకాణంలో గిరాకీ లేచిపోతుంది. మందం పెంచే మర కొద్దిగా తిప్పాను. బంగారం! ఆమె అడిగింది వెండే కావచ్చు, కొసరు కలిపి ఇస్తే కాదనేది ఎవరు? వెండివాటిని తుడిచి పారేసి, రోజంతా బంగారం కోశాను. మధ్యలో బాపుకు ఫోన్ కూడా చేశాను.

“వెండి అడిగితే బంగారం ఇస్తున్నవారా?”

“ఔ బాపూ.”

“అయితే జీతం పెంచుమను. గా మేడంకు యాపారం తెల్వనట్టుంది.”

మర్నాడు, డీఎన్ఏకు మాత్రమే అంటుకునే రంగు పట్టించి మైక్రోస్కోపులో పెట్టాం. తెర మీద నల్లటి ముద్ద. విప్పి ఉన్న పోగులు చాలా సన్నవి. మందపు రేకులో ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయాయి. పెళ్లిళ్ల కాలంలో సాయంత్రానికి మా దుకాణం గుట్టలాగే ఉంది. ఏది చుట్టిందో, ఏది విప్పిందో!

“ఏ రంగువి తీశావు?”

“బంగారం, మేడం,” అన్నాను, ఇంకా కొంచెం గర్వంగానే.

ఆమె తిట్టలేదు. “పొర ఎంత మిగిలింది?” అని మాత్రం అడిగింది. చూశాను. సగం లేదు. ఆగం జెయ్యకు అన్న గొంతు అప్పుడు చెవిలో పడింది. మళ్లీ అడగనని మాట ఇచ్చినవాణ్ని, ఇంకో ఆవగింజ కోసం ఆ అవ్వ ముందు నిలబడే ముఖం నాకు లేదు. దిమ్మతో బేరమాడడం కుదరదు కదా!

మిగిలింది ఊపిరి బిగబట్టి కోశాను. వెండి, వెండి, మళ్లీ వెండి. ఈసారి తెర మీద చుట్టల అంచుల నుంచి సన్నటి పోగులు విడివిడిగా పాకుతూ కనిపించాయి. మేడం తన కుర్చీ నా వైపు జరిపింది.

అవ్వ మందులకు కామారెడ్డి వచ్చిన రోజు, మేడంను అడిగి ఆ ఫోటో ఒకటి పట్టుకెళ్లాను. చేయి చాచి దూరంగా పెట్టుకుని చూసింది.

“గీ దారాలు నాయేనా?”

“నీయే అవ్వా. తెరుచుకొని పనిజేస్తున్నయ్.”

“గంత పని ఎవరు జెయ్యిమన్నర్రా? మూసెయ్యరాదు?”

“గది ఇంకా చాతనైతలేదవ్వా. ఏడ తెరుచుకున్నయో చూసుడే ఇప్పటికి.”

“పోనీ, ముక్కైతే పారెయ్యలే గద?”

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. “సగం పారేసిన అవ్వా.”

నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఒట్టు వెట్టినవ్ గద. మీ బాపు మంచిగున్నడా మరి?”

ఇప్పుడు కత్తి నా ఆధీనంలోనే ఉంది. పరిశోధనశాలలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చాటుగా ఏమంటారో నాకు తెలుసు. అయినా నీటి మీద బంగారు రేకు తేలిందంటే నాలోని దుకాణదారు ఒక్కసారి తల ఎత్తుతాడు, వాణ్ని చూసి నవ్వుకుంటాను. లెక్క మాత్రం ఇది: పెట్టుబడి అంతా అవ్వది. అందులో సగం నా తెలివికి పోయింది. మిగతా సగంతో మేడంకు బొమ్మలు వచ్చాయి, నాకు పని వచ్చింది. మా వైపు నుంచి అవ్వకు ముట్టింది ఒక్క ఫోటో. కొసరు కూడా ఆమే వేసింది, మా బాపు క్షేమం అడిగి.