లిస్టులో లేని మేనమావ

పాతికేళ్ల వయసులో, ఊరికే వచ్చిందేదైనా మన తెలివివల్లే వచ్చిందనిపిస్తుంది. శ్రీకాకుళంలో కొత్త ఉద్యోగం, చేతిలో కొత్త క్రెడిట్ కార్డు ఉన్న ఆ రోజుల్లో నాకూ అలాగే అనిపించేది. చుట్టాలెవరు ఫ్రిజ్ కొన్నా, పెళ్లి చీరలు కొన్నా "ఆగండాగండి, నా కార్డు గీకుతాను" అంటూ పరిగెత్తేవాణ్ణి. అందరికంటే ఎక్కువ గీకించినవాడు రాజాంలో సిమెంటు కొట్టు నడిపే మా మేనమావ (అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు). మూడేళ్లకి పోగైన పాయింట్లతో మలేసియాకి రానూపోనూ రెండు విమానం టికెట్లొచ్చాయి. రెండోది ఎవరికన్న ప్రశ్నే లేదు. పాయింట్లతో కొన్న టికెట్టు పోయినా విలువ కట్టిస్తామని రాసున్న ఇన్సూరెన్స్ పాలసీ వెతికి మరీ తీసుకున్నాను. (అంతటి జాగ్రత్తపరుణ్ణి నేను.)

తిరుగు ప్రయాణానికి ముందురోజు మావ, వద్దంటే వినకుండా, రెండు పళ్లేల పీతల కూర లాగించాడు. మర్నాడు విమానాశ్రయానికి బదులు ఆసుపత్రికి వెళ్లాం. "నువ్వెలిపోరా, నాకేటీ అవ్వదు" అన్నాడు మంచం మీంచి. అన్నాడేగానీ, నా చొక్కా అంచు వదల్లేదు. విమానం వెళ్లిపోయింది. నాలుగో రోజున వేరే టికెట్లు కొనుక్కుని వచ్చాం.

జబ్బు మావదే కాబట్టి ఆయన టికెట్టుకి ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టలేదు. నాది మాత్రం తిప్పికొట్టారు. దగ్గరి బంధువు జబ్బుపడి ఆగిపోతేనే ఇస్తారట. జాబితా కూడా పంపారు: భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు. (నాకప్పటికి పెళ్లే కాలేదు. లేని అత్తమామలు దగ్గరివాళ్లట, ఉన్న మేనమావ కాదట!)

మావకి పీతలకన్నా ఈ మాటే ఎక్కువ తిప్పింది. "నాను దగ్గరోడ్ని కానా? నీ సెవులు కుట్టించినప్పుడు ఎవుడి ఒల్లో కూకున్నావో ఆలకి సెప్పు! నా కొత్త పంచి తడిపేసినావని కూడా సెప్పు!"

చెప్పాను. చెవులు కుట్టించిన నాటి ఫొటో కూడా జతచేశాను. "ఫొటో అందినది. అందులోని శిశువు ఎవరో తెలియజేయగలరు" అని జవాబొచ్చింది. ఆ ఉత్తరం ఈనాటికీ నా బీరువాలో ఉంది, ప్లాస్టిక్ కవర్లో.

ఆపైన ప్రతి సోమవారం వాళ్లకి ఫోను చెయ్యడం నాకో వ్రతమైపోయింది. ఒకసారి తెలుగమ్మాయి ఎత్తింది. అంతా విని, గొంతు తగ్గించి, "నన్ను పెళ్లిపందిట్లోకి బుట్టలో మోసుకెళ్లింది మా మేనమామే సార్. మీరన్నది నిజమే. కానీ మా కంప్యూటర్లో ఆ వరస లేదు" అంది. ఆ కంపెనీలో నేను క్షమించింది ఆ ఒక్క అమ్మాయినే.

చివరికి మావే "ఇంక ఒగ్గీరా, నువ్వు ఆగినావు, నాకది సాలు" అన్నాడు. ఆయన వదిలేశాడు. నేను ఒగ్గలేదు.

పదిహేనేళ్లయింది. మొన్న మా అక్క కొడుకు తన పాయింట్లతో సింగపూర్‌కి రెండు టికెట్లు తీశాడు. "మావా, ఎలదామా?" అన్నాడు. ముందు పాలసీ చూపించమన్నాను. కళ్లజోడు పెట్టుకుని జాబితా రెండుసార్లు చదివాను. ఇప్పటికీ లేను.

"నాకేటైనా అయితే నీ టికెట్టు పోద్ది, సూసుకో."

"పోతే పోద్ది. నువ్వు పీతల జోలికెళ్లకు, సాలు."

కంపెనీకి ఇంకో ఉత్తరం రాద్దామని పెన్ను తీశాను. ఎందుకో నవ్వొచ్చి పక్కన పెట్టేశాను. వాడు ఫోను చూసుకుంటుంటే, వాడి చొక్కా అంచు ఒకసారి పట్టుకుని చూశాను. గట్టిగానే ఉంది.