తండ్రి ముందు పెట్టిన గ్లాసు

మే నెల. చంద్రపూర్‌లో పొద్దున ఎనిమిదింటికే గోడ ముట్టుకుంటే కాలుతుంది. నా కొడుకు శ్రీను డ్యూటీకి పోయే ముందు చాయ్ సాసర్‌లో పోసుకున్నాడు. చెయ్యి వణికి చాయ్ అంగీ మీద పడింది. ఏమైంది కొడుకా అంటే, "చలి పెడుతుందమ్మా" అన్నాడు. ఆ ఎండలో చలి. కోడలు సరిత నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను.

తాగుతాడని మాకు తెలియనిది కాదు. మా ఆయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గుబాయి పనికి ఇక్కడికి, మహారాష్ట్రకు వచ్చాడు. డ్యూటీ దిగి ఒక గ్లాసు తాగేవాడు, తిని పడుకునేవాడు. కొడుకూ అంతే అనుకున్నాను. శ్రీను బొగ్గు టిప్పర్ నడిపేవాడు. జిల్లాలో మందు అమ్మకుండా దారూబందీ ఉన్నన్నాళ్లు చాటుగా తాగాడు, బందీ ఎత్తేశాక మా ఎదుటే తాగాడు. పొద్దున తాగితే తప్ప చెయ్యి నిలవని రోజు వచ్చిందని ఆ సాసర్ చూశాకే అర్థమైంది.

నాకు తెలిసిన వైద్యం చేశాను. గదిలో పెట్టి గొళ్లెం వేశాను. అన్నం కిటికీలోంచి ఇచ్చాను. రెండో రోజు మధ్యాహ్నం లోపల మంచం కాళ్లు టకటక కొట్టుకున్న చప్పుడు. తలుపు తీస్తే నోట్లో నురగ, కళ్లు పైకి పోయాయి. సరిత ఆటో పిలిచి సర్కార్ దవాఖానకు తీసుకుపోయింది. నేను చెప్పులు లేకుండానే ఎక్కాను.

రక్తం తీశారు, కాలేయం పరీక్ష ఎల్ఎఫ్‌టీ అన్నారు, సోనోగ్రఫీ చేశారు. కాలేయానికి కొవ్వు పట్టింది, ఫ్యాటీ లివర్ అన్నారు. డాక్టరమ్మ మరాఠీ పిల్ల, వయసులో చిన్నది. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే విత్‌డ్రాయల్ వస్తుందని, ఫిట్స్‌తో ప్రాణం కూడా పోవచ్చని, మందులిచ్చి మెల్లగా దింపాలని చెప్పింది. "మావశీ, హా ఆజార్ ఆహే" అంది. పిన్నీ, ఇది జబ్బు అని. జబ్బు మనిషికి గొళ్లెం ఎందుకు వేశావని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనే అడుగుతూ ఉంటాను.

పదకొండు రోజులు వార్డులో ఉన్నాం. మొదట్లో దుప్పటి నిండా చీమలు పాకుతున్నాయని దులిపేవాడు. చీమలు లేవు. నేనూ వాడితో పాటు దులిపాను.

ఇంటికొచ్చాక టిప్పర్ పని పోయింది. బల్లార్‌పూర్‌లో టైర్ల దుకాణంలో కుదిరాడు. గోలీలు వేళకు వేసుకున్నాడు. తాగుడు మానినవాళ్లు కూర్చునే మీటింగ్‌కు ప్రతి ఆదివారం పోయాడు. ఎనిమిది నెలలు గడిచాయి. చెంపలు నిండాయి.

ఏండ్లుగా దగ్గుతూ మంచాన ఉన్న మా ఆయన ఆ చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టడం మా ఆచారం. పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతాం. అన్నం, కూర, పక్కన గ్లాసులో మందు. కాకి ఎంతకీ రాలేదు. ఎండ నెత్తికెక్కింది. కోఠారి నుంచి వచ్చిన మరిది, "కొడుకు నోట్ల చుక్క వడకుంటె అన్న ఎట్ల ముడుతడు వదినా" అన్నాడు. అందరూ నావైపు చూశారు. ఆ గ్లాసు నేనే తీసి శ్రీను చేతిలో పెట్టాను. పెదవి తడుపుకుంటే చాలు, మీ బాపు చూస్తుంటాడు అన్నాను.

"నువ్వే ఇస్తున్నవా అమ్మా?" అన్నాడు.

నేనే ఇస్తున్నానన్నాను. కాకి వచ్చింది కూడా.

మళ్లీ నాలుగు నెలలు తాగాడు. సరిత గోండ్‌పిప్రిలో పుట్టింటికి పోయింది. పోయే ముందు గుమ్మంలో నిలబడి మెల్లగానే అంది. "దవాఖానకు నేను తీస్కవోయిన అత్తమ్మా. గ్లాసు నువ్విచ్చినవ్."

మే నెలలో ఒక పొద్దున శ్రీను నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "గొళ్లెం వెయ్యకమ్మా. దవాఖానకు తీస్కపో" అన్నాడు. ఈసారి ఫిట్స్ రాకముందే చేరాం. కబురు పెడితే సరితా వచ్చింది. డాక్టరమ్మ రిలాప్స్ అంది, జబ్బు తిరగబెట్టిందని. గ్లాసు సంగతి ఏడుస్తూ చెప్పాను. తప్పు ఎవరిదో వెతకొద్దు మావశీ, ఇకముందు ఏ రోజు కష్టమవుతుందో అది వెతకండి అంది.

ఇంటికొచ్చి నేనూ కోడలూ అదే వెతికాం. ముందు తగిలింది పెత్రమాస, పెద్దలకు పెట్టే అమావాస్య. మరిదికి ముందే ఫోన్ చేసి చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. ఆ రోజు అతను సంచితో రానే వచ్చాడు. లోపల సీసా చప్పుడు వినపడింది. గడపలోనే ఆపేశాను.

"అన్నకు కోపమొస్తది వదినా" అన్నాడు.

"రానీ. ముప్పై ఏండ్లు ఆయన కోపం నేనే పడ్డ. ఇదొక్కటి ఎక్కువ గాదు."

మరిది నవ్వబోయి ఆగాడు. అన్నం తినకుండానే బండి తిప్పుకొని పోయాడు. ఆకులో అన్నీ పెట్టి, మందు గ్లాసు చోట మా ఆయన డ్యూటీ దిగగానే అడిగే నల్ల చాయ్ పెట్టాను. శ్రీను దుకాణం నుంచి వచ్చి చూశాడు. వంగి వాసన చూశాడు.

"బాపు అల్లం లేంది తాగడు గదా."

ఆ గ్లాసు తీసుకుపోయి, అల్లం దంచి మళ్లీ పెట్టాను.

ఇప్పటికి ఏడు నెలలు దాటాయి. కిందటిసారి ఎనిమిది నెలలకే పడిపోయాడు. అందుకే ఈ నెల రోజులు లెక్కపెడుతున్నాను. దుకాణం నుంచి రాగానే వాసన కోసం దగ్గరికి పోతాను. మొదట్లో కసురుకునేవాడు. ఇప్పుడు తనే వంగి నా మొహం మీద హా అని ఊది లోపలికి పోతాడు. ఇద్దరికీ విసుగే. మానేద్దామంటే నాకు ధైర్యం చాలడం లేదు.

మీ ఇంట్లో మందు మానినవాళ్లు ఉంటే ఒక్క పని చెయ్యండి. పెళ్లయినా చావైనా పెద్దల పండుగైనా, ఈ ఇంటికి మందు తేవద్దని చుట్టాలకు ముందే ఫోన్ చేసి చెప్పండి. గడప దగ్గర చెప్తే మనుషులు దూరమవుతారు, చేతిలో పెట్టాక చెప్పడానికి ఏమీ ఉండదు.

వచ్చే నెల మా ఆయన సంవత్సరికం. నిన్న మరిదికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆఖరికి, "మరేం తేవాలె వదినా?" అన్నాడు.

అల్లం తెమ్మన్నాను.